వినతిపత్రం లేని వార్త

తెనాలి,
ఆదివారం పొద్దున.

కోడలు పిల్లా,

నీ ఉత్తరం చేరింది. ఉత్తరమంటే పోస్టులో వచ్చిందేం కాదు, నోటుబుక్కులో రాసి వాట్సాప్‌లో పంపిన పదకొండు ఫొటోలు. ఏడు, ఎనిమిది పేజీలు తారుమారయ్యాయి. తొమ్మిదో పేజీ మీద నీ బొటనవేలు పడింది. అయినా రెండుసార్లు చదివాను. ముప్పై ఏళ్లు పత్రిక డెస్కులో కూర్చుని ఇంతకన్నా అన్యాయమైన దస్తూరీలు చదివినదాన్నేలే.

మీ జర్నలిజం మాస్టారు మంచి పనే చెప్పారు. పొద్దున్నే నాలుగు పేపర్లు, రాత్రి రెండు చానళ్లు చూసి ఎడమ పేజీలో రాయాలి. ఆ రోజు నువ్వు కళ్లారా చూసింది కుడి పేజీలో రాయాలి. వారం అలా రాసి చివర్లో తేల్చావు: "పేపర్లో ఉన్నది బస్సులో లేదు, బస్సులో ఉన్నది పేపర్లో లేదు. మరి నేనేం నేర్చుకుంటున్నట్టు అత్తా?"

వాక్యం బాగుంది. బాగుంది కాబట్టే దాన్ని కాస్త అనుమానించు. రాసిన మనిషికే ముద్దొచ్చే వాక్యంలో సగం నిజం ఎక్కడో ఒకచోట జారిపోయి ఉంటుంది. నువ్వు చదివింది మెయిన్ పేపరు. జిల్లా పేజీలు మీ హాస్టల్లో ఎవరి ఇడ్లీ పొట్లానికో పోయి ఉంటాయి. 1974లో విశాఖపట్నంలో ఈనాడు మొదలయ్యేదాకా తెలుగు పేపరంటే విజయవాడ నుంచో మద్రాసు నుంచో హైదరాబాదు నుంచో రైల్లో వచ్చే సరుకు. 1989లో ఈనాడు వాళ్లు జిల్లాకో చిన్న పేపరు పెట్టాక మిగతావాళ్లూ ఆ దారే పట్టారు. అంతకుముందు ఊళ్లో బోరింగు చెడిపోతే ఆ ఊరికే తెలిసేది. ఆ తర్వాత అచ్చులోకి రావడం మొదలైంది. కాబట్టి బస్సు పేపర్లోకి రాలేదని అనకు. వచ్చింది. ఎలా వచ్చిందో చూడు.

రేపు జిల్లా పేజీలు తెప్పించుకుని ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చో. "వినతి" అన్న మాట ఎక్కడ కనిపిస్తే అక్కడ గీత కొట్టు. బస్సు సౌకర్యం కల్పించాలని వినతి. తాగునీటి సమస్య తీర్చాలని వినతి. శ్మశానానికి దారి చూపాలని తహసీల్దారుకు వినతిపత్రం. పక్కన ఒక ఫొటో: ఆరుగురు నిలబడి ఉంటారు, మధ్యలో ఒక కాగితం, కాగితానికి ఇటు పక్క ఒక ఆఫీసరు. ఆ ఆఫీసరు తప్ప అందరూ కెమెరా వైపే చూస్తూ ఉంటారు. ఆ ఊళ్లో నీళ్లు రాక ఎనిమిది నెలలయి ఉంటుంది. ఎనిమిది నెలలూ అది వార్త కాదు. సోమవారం గ్రీవెన్సులో కాగితం చేతులు మారిన ఆ అర నిమిషమే వార్త. మంగళవారం నుంచి మళ్లీ కాదు.

మన రోజువారీ బతుకు పేపర్లోకి రావడానికి తీసుకునే టికెట్టు వినతిపత్రం. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. ఎలా తెలిసిందో చెబుతాను, మీ నాన్నకి కూడా ఇంతవరకు చెప్పలేదు.

నేను జిల్లా డెస్కులో ఉన్న రోజులు. ఫ్యాక్సులు వచ్చేశాయి గానీ మారుమూల ఊళ్ల నుంచి వార్తలు పంపే కంట్రిబ్యూటర్లు ఇంకా కాగితం మీద రాసి, కవర్లో పెట్టి సాయంత్రం బస్సు డ్రైవరుకిచ్చి పంపేవాళ్లు. దివిసీమ వైపు నుంచి ఒకాయన కవరు వచ్చేది. బళ్లో మాస్టారేమో, అక్షరాలు ముత్యాలు. ఒకరోజు నాలుగు పేజీలు పంపాడు. వాళ్ల ఊరికి సాయంత్రం వచ్చే పల్లెవెలుగు బస్సు ఆపేశారు. టౌనుకు వెళ్లి ఇంటర్ చదివే ఆడపిల్లలు పద్నాలుగు మంది కాలవకట్ట మీద చీకట్లో నడిచి వస్తున్నారు. ఏ పిల్ల ఎన్నింటికి ఇల్లు చేరింది, కట్ట మీద ఎక్కడ లైటు లేదు, ఎవరి తల్లి టార్చి పట్టుకుని ఎంతదూరం ఎదురెళ్లింది, అన్నీ రాశాడు. రాత్రి తొమ్మిదిన్నర. పేజీ వదలాలి. అప్పుడే ఒక యాడ్ వచ్చి పడి పావు పేజీ తినేసింది. నేను చదివాను, బాగుందనుకున్నాను, నాలుగు పేజీల్నీ నాలుగు లైన్లు చేశాను. హెడ్డింగ్ పెట్టాను: "బస్సు పునరుద్ధరించాలని విద్యార్థినుల వినతి." వాళ్లు ఎవరికీ ఏ వినతీ ఇవ్వలేదు. ఆ మాట నేనే కల్పించాను. అచ్చులోకి వెళ్లాలంటే ఆ చొక్కా తొడగాలని నా చేతికి అలవాటైపోయింది మరి.

ఏడాదిన్నర తర్వాత అటువైపు ఒక పెళ్లికి వెళ్లాను. భోజనాల దగ్గర ఒకాయన వచ్చి నమస్కారం పెట్టి, ఫలానా అని చెప్పుకున్నాడు. ముత్యాల దస్తూరీ మనిషి. బస్సు సంగతి అడిగాను. రాలేదండీ అన్నాడు. పిల్లలు? అయిదుగురు చదువుతున్నారండీ, మిగతావాళ్లని మాన్పించేశారు, కొందరికి పెళ్లిళ్లయిపోయాయి, ఇదుగో ఈ పెళ్లికూతురు కూడా ఆ బ్యాచేనండీ అన్నాడు. తర్వాత, ఏ వెటకారమూ లేకుండా, "మీరు మంచి హెడ్డింగ్ పెట్టారు మేడం" అన్నాడు.

ఆ అరిటాకు ముందు నేను ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలియదు.

అందుకని నీకు నేను చెప్పే పని ఇది. కాగితం చేతులు మారకముందు వెళ్లు. మారాక మళ్లీ వెళ్లు. మొదటి వెళ్లడం కన్నా రెండో వెళ్లడం కష్టం. మొదటిసారి నీకు అన్నీ కొత్త, జనానికీ నువ్వు కొత్త, ఎవరో టీ ఇస్తారు. రెండోసారికి "మొన్న రాసుకెళ్లారుగా, ఏమైంది?" అంటారు. దానికి నీ దగ్గర జవాబుండదు. ఆ మొహమాటానికి జడిసే మా వాళ్లలో చాలామంది ఫాలోఅప్‌లు మానేస్తారు. పైకి మాత్రం స్పేస్ లేదంటారు. నువ్వు తలొంచుకునైనా సరే వెళ్లు. వెళ్లినరోజు తేదీ వేసుకో.

నీ డైరీ నాలుగో పేజీకి వద్దాం. ఎడమ వైపు రాశావు: బస్సులో సీటు కోసం ఇద్దరు ఆడవాళ్లు జుట్లు పట్టుకున్న వీడియో, చానల్లో పదకొండుసార్లు వేశారు. (లెక్కపెట్టావు చూడు, అందుకు మెచ్చుకున్నాను.) కుడి వైపు: ఏడు నలభై బస్సులో ఇళ్లల్లో పని చేసుకునే ఒకావిడ నీ పక్కన నిలబడి, బస్సు ఫ్రీ అయ్యాక దూరంగా ఇంకో ఇల్లు ఒప్పుకున్నానని చెప్పింది. రాసి వదిలేశావు. పక్కన "ఇది వార్త కాదేమో" అని బ్రాకెట్లో పెట్టావు.

ఆ బ్రాకెట్ తీసెయ్యి. తెలంగాణలో 2023 డిసెంబరు 9న ఆడవాళ్లకి బస్సు ఫ్రీ చేశారు. మన ఆంధ్రలో 2025 ఆగస్టు 15న మొదలైంది. ఒక ప్రభుత్వం తెచ్చిన పెద్ద మార్పు ఒక మనిషి బతుకులో ఏ గంటకి, ఏ వీధి దగ్గర దిగిందో ఆవిడ నీకు నిలబడి చెప్పింది. జుట్లు పట్టుకోవడం దాని కింద పుట్టిన గొడవ. బస్సులు అన్నే ఉండి ఎక్కేవాళ్లు పెరిగితే సీట్ల దగ్గర గొడవలు రాక ఏమవుతుంది? వీడియో చూపించిన చానలు ఒక్క ప్రశ్న వేసిందా, ఆ రూటులో ఎన్ని బస్సులు పెరిగాయని? కండక్టరు కొట్టే జీరో టికెట్లకి లెక్క ఉంటుంది. డిపోలో బస్సుల లెక్క ఉంటుంది. రెండూ పక్కపక్కన పెడితే ఆ జుట్లు ఎందుకు పట్టుకున్నారో తెలుస్తుంది. ఆవిడకి ఇప్పుడు రెండో ఇంటి జీతం వస్తోంది సరే, ఇంటికి ఎన్నింటికి చేరుతోంది? పిల్లలు ఎవరి దగ్గర? ఆ డబ్బు ఎవరి చేతికి వెళ్తోంది? ఈ చివరిది జాగ్రత్తగా అడగాలి, మొదటిరోజే అడిగే ప్రశ్న కాదు. పథకం గొప్పదని పొగిడేవాళ్లూ ఉంటారు, దండగని తిట్టేవాళ్లూ ఉంటారు. నీకు వాళ్లిద్దరితోనూ పని లేదు, ఏడు నలభై బస్సుతో ఉంది.

"రోజూ జరిగేది వార్తెలా అవుతుంది?" అని క్లాసులో వాదించావని రాశావు. దానికి నా జవాబు దూబగుంట. నెల్లూరు జిల్లాలో ఊరు. 1990ల మొదట్లో అక్కడ రాత్రి బడుల్లో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు 1992లో సారా కొట్టు మూయించారు. అక్కడి నుంచి జిల్లా అంతా అంటుకుంది, వేలంపాటలే జరగనివ్వలేదు, తర్వాత రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, ఎన్టీఆర్ వచ్చాక 1995 జనవరిలో మొత్తం మద్యనిషేధం. ఆ తర్వాత అది ఎత్తేశారనుకో, అది వేరే కథ. నేను చెప్పేది ఏమిటంటే, మొగుడు కూలి డబ్బులు సారా ప్యాకెట్లకి పోసి ఇంటికొచ్చి కొట్టడం అప్పటికి ఎన్ని ఏళ్లుగా, ఎన్ని లక్షల ఇళ్లలో, రోజూ జరుగుతోంది? రోజూ జరిగేది కాబట్టే ఏ విలేకరీ రాయలేదు. ఆడవాళ్లు రోడ్డెక్కాక పేపర్లు బాగా రాశాయి, పేజీలకి పేజీలు ఇచ్చాయి, కాదనను. కానీ వార్తని కనిపెట్టింది మాత్రం మేం కాదు. అప్పుడప్పుడే అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు. ఈ మాట మా డెస్కులో ఎవరైనా గర్వంగా "మనమే నడిపాం ఉద్యమాన్ని" అన్నప్పుడల్లా గుర్తుచేసేదాన్ని. ఇంక్రిమెంట్లు ఆలస్యమవడానికి ఇలాంటివే కారణాలు.

ఇప్పుడు ఆ తొమ్మిదో పేజీ. బొటనవేలు కింద ఉన్నది కూడా చదవగలిగాను. నీ స్నేహితురాలి నాన్నగారు యాక్సిడెంట్‌లో పోతే, ఆసుపత్రి మార్చురీ దగ్గర ఆ పిల్ల నోటికి మైకు పెట్టి "ఎలా ఫీలవుతున్నారు" అన్నారని, మర్నాడు పేపర్లో "మిన్నంటిన రోదనలు" అని వచ్చిందని, ఆ పిల్ల అసలు ఏడవనేలేదని, గడ్డకట్టుకుపోయి కూర్చుందని రాశావు. దాని కింద నువ్వేదో రాసి కొట్టేశావు. కొట్టేసిన దాన్ని చదవడానికి ప్రయత్నించలేదు.

మనకి చావు రాయడం రాదమ్మా. పెట్టెలో కొన్ని మాటలు వేసి పెట్టుకున్నాం, ఎవరు పోయినా అవే తీస్తాం. మృత్యువు కబళించింది. శోకసంద్రం. విషాదఛాయలు అలుముకున్నాయి. అనంతలోకాలకు. రక్తమోడిన రహదారి. "వివరాల్లోకి వెళితే" అని మొదలుపెట్టి ఏ వివరంలోకీ వెళ్లం. నేనే వందలసార్లు పెట్టాను ఈ మాటలు, పదకొండున్నరకి నిద్రమత్తులో వేళ్లు వాటంతటవే కొడతాయి. వాటితో వచ్చిన చిక్కు భాషది కాదు. రోదనలు మిన్నంటాయని రాసేస్తే రాసేవాడికి పని అయిపోయినట్టుంటుంది. ఇక ఆ రోడ్డు గురించి అడగాలనిపించదు.

మా డెస్కులో చివరి పదేళ్లు నేను ఒక పిచ్చిపని చేసేదాన్ని. రెండొందల పేజీల లాంగ్ నోటుబుక్కు ఒకటి కొని, మా జిల్లాలో ప్రతి రోడ్డు ప్రమాదాన్నీ రాసుకునేదాన్ని. తేదీ, వేళ, ఊరు, ఏ మలుపు, ఏ బండి, ఎంతమంది. అంతే, పేర్లు కూడా కాదు. ఒక్కొక్కటీ సింగిల్ కాలమ్ వార్త. ఏడాది తిరిగేసరికి హైవే మీద ఒక్క చోటే ఆరు తేలాయి. ఊళ్లో వాళ్లు ఆ మలుపుని దయ్యం మలుపు అనేవాళ్లట. మా విలేకరి వెళ్లి చూస్తే, డివైడరుకి ఊరివాళ్లే పెట్టుకున్న గండి, అవతల స్కూలు, మూడు కిలోమీటర్ల దాకా యూటర్న్ లేదు. దయ్యం గియ్యం ఏమీ లేదు. జాతీయ రహదారి మీద అయిదొందల మీటర్ల లోపల మూడేళ్లలో చావులో తీవ్ర గాయాలో అయిన ప్రమాదాలు అయిదు జరిగినా, చావులే పది జరిగినా దాన్ని బ్లాక్‌స్పాట్ అని లెక్కగడతారు, అప్పుడు బాగుచెయ్యాల్సిన బాధ్యత వస్తుంది. ఆ లెక్క ఎవరి దగ్గరైనా ఉండాలి కదా. నా నోటుబుక్కు దగ్గర ఉంది. పుస్తకం నీకిస్తాను, వచ్చినప్పుడు పట్టుకెళ్లు. ఆ స్నేహితురాలి నాన్నగారి యాక్సిడెంట్ ఎక్కడ జరిగిందో అక్కడ ఇంతకుముందు ఏం జరిగిందో వెతుకు. ఇప్పుడే కాదు. కొన్నాళ్లయ్యాక, ఆ పిల్లకి చెప్పి.

చావు వార్తల దగ్గర చట్టాలూ పద్ధతులూ మీకు క్లాసులో చెబుతారు కాబట్టి ఎక్కువ రాయను. ఒక్క రెండు సంగతులు. లైంగిక దాడి కేసుల్లో బాధితురాలి పేరు బయటపెట్టకూడదని అందరికీ తెలుసు. పాత శిక్షాస్మృతిలో 228ఏ, కొత్త న్యాయసంహితలో 72, పిల్లలైతే పోక్సో 23. మావాళ్లు ఏం చేస్తారంటే, "పేరు మార్చాం" అని రాసి, తండ్రి ఏ ఊరి బస్టాండులో పండ్లు అమ్ముతాడో, పిల్ల ఏ బళ్లో ఎన్నో తరగతో రాసేస్తారు. ఇక దాచింది ఎవరి దగ్గర? రాసిన ఐటెంని ఆ ఊరివాడివై చదువు. ఇల్లు గుర్తుపట్టగలిగితే ఇంకా కొట్టెయ్యాల్సింది ఉందన్నమాట.

రెండోది ఆత్మహత్యలు. ప్రెస్ కౌన్సిల్ 2019లోనే చెప్పింది, ఎలా చేసుకున్నారో రాయొద్దని, మొదటి పేజీకి ఎక్కించి పదేపదే చూపించొద్దని. సాయానికి ఫోన్ నంబరు కూడా ఇవ్వాలి. ఇప్పుడైతే మానసిక సాయానికి ప్రభుత్వ ఫోన్ లైను టెలీమానస్ 14416 ఉంది, కంఠతా పెట్టుకో. మన ఇంటర్ ఫలితాల రోజు పేపరు ఒకటి దాచిపెట్టు. మొదటి పేజీ నిండా కాలేజీల యాడ్‌లు, ర్యాంకుల కింద పాస్‌పోర్టు సైజు ఫొటోలు, పిల్లల నవ్వులు. లోపల ఎక్కడో ఒక సింగిల్ కాలమ్, ఒక పిల్లవాడు. ఆ రెండు పేజీల మధ్య ఉన్నదే మన రాష్ట్రాల చదువు. దాని గురించి రాయాలంటే ఫలితాల రోజు వరకు ఆగక్కర్లేదు. జూలైలో రాయొచ్చు, పొద్దున అయిదుకి హాస్టల్ లైట్లు వెలిగినప్పుడు. అయితే యాడ్‌లు ఇచ్చేవాళ్ల మీద రాసిన ఐటెం డెస్కు దాటి ముందుకెళ్తుందా అంటావేమో. ఒకోసారి వెళ్తుంది. చాలాసార్లు వెళ్లదు. నీకు అబద్ధం చెప్పి ఏం లాభం.

అడగడం గురించి. "ఎందుకు" అని ఆఫీసులో అడిగితే ఉపన్యాసం వస్తుంది. "ఎన్ని, ఏ తేదీ నుంచి" అని అడిగితే ఫైలు తెరవాల్సి వస్తుంది. సమాచార హక్కు దరఖాస్తు కూడా అలాగే రాయాలి. ఆ బస్సు ఎందుకు ఆపారని రాస్తే జవాబు రాదు. ఫలానా ట్రిప్పు ఏ తేదీన రద్దయింది, ఆ ఉత్తర్వు నకలు ఇవ్వండి, రద్దుకు ముందు మూడు నెలల్లో ఆ ట్రిప్పు కలెక్షన్ ఎంత అని రాస్తే ముప్పై రోజుల్లో ఏదో ఒకటి రావాలి. పది రూపాయలు ఫీజు. ఉమ్మడి రాష్ట్రంలో చేసిన నిబంధనల్లో మండల స్థాయి ఆఫీసుకైతే అయిదు రూపాయలే, ఊరి స్థాయిలో అసలు ఫీజే లేదు. ఈ సంగతి చాలామంది విలేకరులకే తెలియదు. 2005లో ఆ చట్టం వచ్చినప్పుడు నా ముత్యాల దస్తూరీ మాస్టారు గుర్తొచ్చాడు. అప్పుడే ఆయన చేతిలో ఆ కాగితం ఉండి ఉంటే, నేను నాలుగు లైన్లు చేద్దామన్నా కుదిరేది కాదేమో.

మనుషుల్ని అడిగేటప్పుడు మాత్రం లెక్కలతో మొదలుపెట్టకు. రైతుబజారులో కూరలమ్మే ఆవిడని కిలో ఎంత అని అడిగితే నువ్వు బేరానికొచ్చావనుకుంటుంది. ఎన్నింటికి లేచావమ్మా అని అడుగు. మూడింటికి లేచానని చెప్పి, ఆటోకి ఎంతిచ్చిందో, గేటు దగ్గర ఎంతసేపు ఆగిందో, బోర్డు మీద రాసిన ధరకీ తన ధరకీ తేడా ఎందుకో ఆవిడే చెబుతుంది. నోటుబుక్కు అప్పుడు తియ్యి, అదీ అడిగి తియ్యి. ఫోన్‌లో రికార్డు చేస్తే చెప్పి చెయ్యి. కొన్ని కూరలు కూడా కొను, ఊరికే నిలబడి వాళ్ల బేరం పాడుచేస్తావా ఏమిటి?

నువ్వు అడగని సంగతి ఒకటి చెబుతాను. ఏమీ జరగలేదన్నది కూడా వార్తే. 2018 వేసవిలో పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు దిగాయని వాట్సాప్‌లో ఒకటే పుకార్లు. రెండు రాష్ట్రాల్లోనూ ఊళ్లకి ఊళ్లు కర్రలు పట్టుకుని రాత్రిళ్లు కాపలా కాశాయి. దారిన పోయే బిచ్చగాళ్లని, మతిస్థిమితం లేనివాళ్లని, కొత్త మనుషుల్ని కొట్టారు. కొందరు చచ్చిపోయారు. ఆ రోజుల్లో మా డెస్కుకి రోజుకి పది ఫోన్లు, ఫలానా ఊళ్లో పిల్లవాడు కనిపించడం లేదటగా అని. ఒక్కో ఊరికీ ఫోన్ చేసి, పిల్లవాడు అమ్మమ్మ ఇంట్లో ఉన్నాడని తేల్చుకుని, "ఏమీ జరగలేదు" అని వేద్దామంటే, అది వార్తా అని నవ్విన పెద్దలున్నారు. వేశాం చివరికి, చిన్న బాక్సులో. నువ్వు చూసే చానళ్ల స్క్రోలింగులో ఎర్ర పట్టీ మీద ప్రశ్నార్థకం పెట్టి ఏదైనా అనేస్తారు చూశావా, "ముఠా తిరుగుతోందా?" అని. ఆ ప్రశ్నార్థకం పిరికివాడి కత్తి. దాన్ని నువ్వు ఎప్పుడూ పట్టుకోకు.

నీకు సెలవులు ఎప్పుడో రాయలేదు. వస్తే నిన్ను వేటపాలెం తీసుకెళ్తాను. ఇక్కడ ప్యాసింజరెక్కితే చీరాల దాటగానే దిగడమే. సారస్వత నికేతనం అని 1918లో పుట్టిన గ్రంథాలయం, భవనానికి 1929లో గాంధీగారు పునాదిరాయి వేశారు. పాత పత్రికలు అక్కడ ఉన్నట్టు ఇంకెక్కడా చూడలేదు నేను. ఆంధ్రపత్రిక బైండు ఒకటి తీయించు. సంపాదకీయాలు తర్వాత చదువుదువుగాని. ముందు ప్రకటనలు చదువు, పాఠకుల ఉత్తరాలు చదువు, మూలల్లో ఉన్న చిన్న చిన్న ఊరి కబుర్లు చదువు. ఎవరు ఏ మందు కొనేవాళ్లు, ఏ రైలు ఆలస్యానికి తిట్టుకున్నారు, ఏ చెరువు గట్టు తెగింది. నూరేళ్లు పోయాక మనకి ఆ కాలపు మనుషులు కనిపించేది అక్కడే. ఆ పత్రిక పెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావుగారు అమృతాంజనం అమ్మి సంపాదించిన డబ్బుతోనే పత్రిక నడిపారని నీకు తెలిసే ఉంటుంది. తలనొప్పి మందూ ఆయనదే, పత్రికా ఆయనదే. మా డెస్కులో ఈ జోకు అరిగిపోయింది, అయినా నీకు చెప్పకుండా ఉండలేను.

డబ్బుల సంగతి మీ అమ్మ నన్ను రాయమంది కాబట్టి రాస్తున్నాను. వదినకి నువ్వు సాఫ్ట్‌వేర్‌కి వెళ్లలేదన్న దిగులు ఇంకా పోలేదు. ఈ పనిలో పెద్ద జీతాలుండవు. ఊళ్లలో వార్త రాసే చాలామందికి జీతమే ఉండదు, లైన్ అకౌంట్ అని రాసిన దానికి ఎంతో కొంత. పైపెచ్చు చందాలు, యాడ్‌లు తెమ్మంటారు. అందుకే కొందరు చెయ్యకూడనివి చేస్తారు. రేపు నువ్వు ఏసీ డెస్కులో కూర్చుని వాళ్లు పంపిన దానిలో తప్పులు వెతికేటప్పుడు, వాళ్లు సొంత పెట్రోలు పోసుకుని వెళ్లారన్నది మర్చిపోకు. నేను నాలుగు పేజీల్ని నాలుగు లైన్లు చేసిన రోజు ఆయనకి దక్కింది కూడా నాలుగు లైన్ల డబ్బే. ఈ లెక్క నాకు పెళ్లి భోజనం నుంచి తిరిగొస్తూ బస్సులో తట్టింది.

మోటారు వేయాలి, మునిసిపాలిటీ నీళ్లు ఆరింటికి వస్తాయి, ఈమధ్య ఆరుంబావుకి గానీ రావడం లేదు. గోడ మీద క్యాలెండర్లో టైము రాసుకుంటున్నాను, పది రోజులైంది. మీ మావయ్య నవ్వుతున్నారు.

డైరీ వెనక్కి పంపడం లేదు, ఫొటోలేగా. కానీ ఒకటి దిద్దాలి. నాలుగో పేజీలో "ఇళ్లల్లో పని చేసుకునే ఒకావిడ" అని రాశావు. వారంలో మూడుసార్లు కనిపించిందన్నావు, మూడుసార్లూ "ఒకావిడే". రేపు ఏడు నలభైకి మళ్లీ ఎక్కు. పేరు అడుగు. రాసుకోవచ్చా అని కూడా అడుగు. వద్దంటే రాయకు, కానీ నీకు తెలిసి ఉండాలి.

మీ అత్త